శ్రీలంకకు ఎప్పుడు వెళ్ళాలి?

కిందటేడు పరీక్షలు దగ్గరపడుతున్న రోజుల్లో మా బడిలో తొమ్మిదో తరగతి చదివే కుర్రవాడొకడు నా దగ్గరకు వచ్చాడు. "మాస్టారూ! మా మామయ్య మమ్మల్ని శ్రీలంక తీసుకువెళతానన్నాడు. ఏ నెలలో వెళితే బాగుంటుందండీ?" అని అడిగాడు.

"ప్రశ్న అలా అడగకూడదురా. ఫలానా నెలలో వెళితే ఏ వైపుకు వెళ్ళాలి, అని అడుగు" అన్నాను.

వాడు నేనేదో పొడుపుకథ వేశాననుకున్నాడు. విప్పి చూస్తే అందులో ఉన్నవి మీరు బడిలో చదువుకునే పాఠాలే. ఆ పాఠాలు మరచిపోయి ఆ దేశం వెళితే ఏమవుతుందో నాకు అనుభవం మీద తెలుసు. ముందు ఆ సంగతి చెబుతాను.

పాఠం మరచిన పంతులు

కొన్నేళ్ళ కిందట మేము నాలుగైదు ఉపాధ్యాయ కుటుంబాల వాళ్ళం కలిసి శ్రీలంక వెళ్ళాం. బడి తెరవడానికి ముందే తిరిగి రావాలని జూన్ మొదటివారం ఎంచుకున్నాం. ఒక క్యాలెండరు బొమ్మలో కొబ్బరిచెట్లూ, నీలి సముద్రమూ చూసి ముచ్చటపడి, ద్వీపానికి నైరుతి మూలన ఉన్న గాలే పట్టణం దగ్గర, సముద్రపు ఒడ్డున బస ఏర్పాటు చేసుకున్నాం.

దిగిన నాటినుంచి ఒకటే వాన. మూడోనాడు కాస్త తెరిపి ఇవ్వగానే పిల్లలు ఒడ్డుకు పరుగెత్తారు. అంతటా అలలు ఎగసిపడుతున్నాయి. ఒక్కచోట మాత్రం అలలు విరగకుండా నీరు నెమ్మదిగా ఉన్నట్టు కనిపించింది. మాలో ఒకరి అబ్బాయి అక్కడ మోకాలి లోతులో దిగాడు. మరుక్షణం వాడి కాళ్ళ కింద ఇసుక జారింది. చూస్తూండగానే నడుము లోతుకు, ఆపైన మెడ లోతుకు పోయాడు. ఒడ్డున వల బాగు చేసుకుంటున్న జాలరి ఒకాయన పరుగున వచ్చి వాడి చేయి పట్టి లాగాడు. ఆ తరువాత దూరాన ఎగురుతున్న ఎర్రజెండా చూపించి మమ్మల్ని గట్టిగా కోప్పడ్డాడు. భాష తెలియకపోయినా భావం బాగానే తెలిసింది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఏటా నల్లబల్ల మీద పటం గీసి, నైరుతి రుతుపవనాలు ఇటునుంచి ఇటు వీస్తాయని బాణం గుర్తులు వేసేవాడిని నేను. సరిగ్గా ఆ బాణం మొనకు ఎదురుగా పిల్లల్ని తీసుకెళ్ళి నిలబెట్టాను! ఆ రోజుల్లోనే ద్వీపానికి అవతలి ఒడ్డున ఎండ కాస్తున్నది. సముద్రం చెరువులా ఉన్నది.

ద్వీపం నడుమ ఒక గోడ

శ్రీలంక వైశాల్యం 65,610 చదరపు కిలోమీటర్లు. మన ఆంధ్రప్రదేశ్‌లో సగం కూడా లేదు. ఇంత చిన్న దేశంలో ఒక వైపు వాన, మరొక వైపు ఎండ ఎందుకుంటాయి?

పటం తెరచి చూడండి. ద్వీపపు దక్షిణ మధ్యభాగంలో ఎత్తయిన కొండలున్నాయి. వాటిలో అన్నిటికన్న ఎత్తయినది పిదురుతలగల, 2,524 మీటర్లు. ఈ కొండలు గాలికి అడ్డంగా కట్టిన గోడలాంటివి.

మే నుంచి సెప్టెంబరు వరకు నైరుతి దిక్కునుంచి తడిగాలి వచ్చి ఈ గోడను ఢీకొంటుంది. ముందుకు దారిలేక పైకి లేస్తుంది. పైకి పోయినకొద్దీ వాతావరణ పీడనం తక్కువ కనుక గాలి వ్యాకోచిస్తుంది. వ్యాకోచించిన గాలి చల్లబడుతుంది. సైకిలు ట్యూబులో గాలి వదిలేటప్పుడు వాల్వు దగ్గర వేలు పెట్టి చూడండి, చల్లగా తగులుతుంది. చల్లబడిన గాలి తనలోని నీటి ఆవిరిని మోయలేదు. ఆ ఆవిరి నీటి బిందువులై, మేఘమై, వానగా కురుస్తుంది. అందుచేత కొలంబో, గాలే, రత్నపుర వంటి నైరుతి ప్రాంతాలు తడిసి ముద్దవుతాయి.

కొండ దాటిన గాలి అవతలి వైపు కిందికి దిగుతుంది. దిగేటప్పుడు పీడనం పెరిగి సంకోచించి వేడెక్కుతుంది. సైకిలు పంపు కొట్టినప్పుడు దాని అడుగుభాగం వేడెక్కడం మీరెరుగుదురు. తేమ అంతా ఇవతలే వదిలేసింది కనుక ఆ గాలి పొడిగా, వేడిగా ఉంటుంది. తూర్పుతీరపు తమిళులు ఈ గాలిని కచ్చాన్ అంటారు. పడమటి కనుమలు దాటివచ్చే నైరుతి గాలి మన అనంతపురానికి చాలినంత వాన ఇవ్వకపోవడానికీ కారణం ఇదే.

డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు కథ తిరగబడుతుంది. అప్పుడు గాలి ఈశాన్యం నుంచి వీస్తుంది. బంగాళాఖాతం మీదుగా వచ్చేటప్పుడు తేమ నింపుకుని తూర్పున, ఉత్తరాన వాన కురిపిస్తుంది. నైరుతి మూల తెరిపిగా ఉంటుంది.

ఈ తేడా ఎంతటిదో చూడండి. రత్నపురలో ఏడాదికి 3,500 మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది. అక్కడికి సుమారు 100 కిలోమీటర్ల దూరంలోని హంబన్‌తోటలో పడేది సుమారు 1,000 మిల్లీమీటర్లే.

ఏడాదిలో చాలా నెలలు పొడిగా ఉండే ఈ ఉత్తర, తూర్పు భాగాల్లోనే అనూరాధపురం, పొలన్నరువ వంటి ప్రాచీన రాజధానులు వెలిశాయి. ఎలా? అక్కడి రాజులు పెద్దపెద్ద చెరువులు తవ్వించి, వానాకాలపు నీటిని ఎండాకాలానికి దాచారు. అలాంటి ఒక చెరువు మిన్నేరియ. దానిని సామాన్య శకం 3వ శతాబ్దిలో మహాసేన రాజు కట్టించాడు. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో చెరువు నీరు తగ్గి, బయటపడిన నేల మీద పచ్చిగడ్డి మొలుస్తుంది. దాన్ని మేయడానికి అడవి ఏనుగులు వందలకొద్దీ చేరతాయి. ఏనుగులకు తెలిసిన రుతుధర్మం మనకు తెలియకపోతే ఎలా?

మన సెలవులు, వాళ్ళ వానలు

ఇప్పుడు మన బడి సెలవులను ఈ పాఠంతో కలిపి చూద్దాం.

మే, జూన్ నెలలు (వేసవి సెలవులు): తూర్పుతీరానికి వెళ్ళాలి. త్రింకోమలి, మట్టకళప్పు పట్టణాలు, లోపలి భాగంలో సిగిరియ, పొలన్నరువ, అనూరాధపురం అనుకూలం. ఎండ గట్టిగా ఉంటుంది.

అక్టోబరు (దసరా సెలవులు): ఇది రెండు రుతుపవనాల నడుమ కాలం. వాన ఏ వైపైనా పడవచ్చు. పొద్దున్నే ఎండకు నేల వేడెక్కి, తేమగాలి పైకి లేచి, మధ్యాహ్నానికి మేఘాలు కమ్ముతాయి. సాయంత్రం ఉరుములు, మెరుపులు. చూడవలసినవి ఉదయమే చూసుకోవాలి. ఉరుము వినపడితే మైదానంలోను, చెట్టు కిందను నిలబడకూడదు. మార్చి, ఏప్రిల్ నెలల సాయంత్రాలూ ఇలాగే ఉంటాయి.

జనవరి (సంక్రాంతి సెలవులు): పడమటి, దక్షిణ తీరాలకు మంచి కాలం. 2,243 మీటర్ల శ్రీపాద శిఖరానికి యాత్రికులు ఎక్కేది కూడా డిసెంబరు నుంచి మే వరకే. కొండ మీద నిలబడి సూర్యోదయం చూసేవారు వెనుకకు తిరిగితే, పడమటి దిక్కున పొగమంచు మీద ఆ కొండ నీడ త్రిభుజాకారంలో పడి కనిపిస్తుంది.

నవంబరు, డిసెంబరు నెలల్లో మరొక జాగ్రత్త ఉన్నది. అది బంగాళాఖాతంలో తుఫానుల కాలం. 2025 నవంబరు చివరిలో దిత్వా తుఫాను వానలకు శ్రీలంకలో వరదలు వచ్చి, కొండచరియలు విరిగిపడి, వందలాది మంది మరణించారు. కొండల్లోని రోడ్లు, రైలుమార్గాలు బాగా దెబ్బతిన్నాయి. కనుక ఏ నెలలో వెళ్ళినా, బయలుదేరే ముందు ఆ దేశపు వాతావరణశాఖ హెచ్చరికలు చూడండి. రైలు ఎక్కడిదాకా నడుస్తున్నదో విచారించండి.

కొండ ఎక్కితే ఎంత చలి?

కొలంబోలో ఏడాది పొడుగునా సగటు ఉష్ణోగ్రత 27, 28 డిగ్రీల సెల్సియస్ దగ్గరే ఉంటుంది. అందుకని నూలుబట్టలు మాత్రమే పెట్టుకుని వెళ్ళేవాళ్ళు నువర ఎలియ పట్టణంలో రాత్రిపూట వణికిపోతారు.

అక్కడి చలి ఎంతో ఇక్కడే కూర్చుని లెక్క కట్టవచ్చు. ఎత్తు 1,000 మీటర్లు పెరిగితే ఉష్ణోగ్రత సుమారు 6.5 డిగ్రీలు తగ్గుతుంది. నువర ఎలియ ఎత్తు 1,868 మీటర్లు. 1.868 ను 6.5 చేత గుణిస్తే సుమారు 12. ఇరవైఎనిమిదిలోంచి పన్నెండు తీసేస్తే పదహారు. ఆ ఊరి సగటు ఉష్ణోగ్రత నిజంగానే సుమారు 16 డిగ్రీలు! రాత్రిళ్ళు ఇంకా తగ్గుతుంది కనుక స్వెట్టరు తప్పనిసరి.

పైకి వెళ్ళినకొద్దీ పీడనం తగ్గుతుందని చెప్పుకున్నాం. దాని ఫలితాలు మరి రెండు. కొలంబోలో కొన్న చిప్స్ పొట్లం కొండమీదికి చేరేసరికి బుడగలా ఉబ్బుతుంది. నీరు 100 డిగ్రీల వద్ద కాక సుమారు 94 డిగ్రీల వద్దే మరుగుతుంది. మూతలేని గిన్నెలో పప్పు ఉడకడానికి ఎక్కువసేపు పడుతుంది.

సూర్యుడు, గడియారం

శ్రీలంక ఇంచుమించు 6 నుంచి 10 డిగ్రీల ఉత్తర అక్షాంశాల నడుమ ఉన్నది. భూమధ్యరేఖకు అంత దగ్గర కనుక పగటి పొడవులో మార్పు తక్కువ. హైదరాబాదులో అతి పొడుగైన పగటికీ, అతి పొట్టి పగటికీ తేడా సుమారు రెండు గంటలు. కొలంబోలో అది ముప్పావుగంట మాత్రమే. వేసవి కదా, ఏడు దాకా వెలుతురుంటుందని కొండమీద ఆలస్యం చేయకండి. పైగా అక్కడ సూర్యుడు ఏటవాలుగా కాక ఇంచుమించు నిట్టనిలువుగా దిగుతాడు. అందుచేత సంధ్యవెలుగు త్వరగా పోయి చీకటి పడుతుంది.

మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తిన ఉంటే కిరణాలు వాతావరణంలో తక్కువ దూరమే ప్రయాణిస్తాయి. అతినీలలోహిత కిరణాలు ఎక్కువగా నేలను చేరతాయి. మబ్బు పట్టినా అవి పూర్తిగా ఆగవు. పది నుంచి మూడు గంటల వరకు టోపీ, గొడుగు, పొడుగు చేతుల చొక్కా అవసరం.

గడియారం మార్చుకోవలసిన పనిలేదు. శ్రీలంక 1996లో తన కాలాన్ని ముందుకు జరుపుకున్నది కాని, 2006 ఏప్రిల్‌లో తిరిగి మన కాలానికే వచ్చింది. మన ప్రామాణిక కాలం కాకినాడ సమీపంగా పోయే 82½ డిగ్రీల తూర్పు రేఖాంశానిది. కొలంబో 80 డిగ్రీల రేఖాంశానికి దగ్గర. ఒక డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున, గడియారంలో పన్నెండయిన పది నిమిషాలకు అటూఇటూగా కొలంబోలో నిజమైన మధ్యాహ్నమవుతుంది. ఆ పది నిమిషాలూ ఏడాది పొడుగునా కొద్దిగా మారుతుంటాయి.

సముద్రంతో చెలగాటం వద్దు

మా అబ్బాయిని లాగినది ఏమిటి? అలలు ఒడ్డుకు తెచ్చి పోసిన నీరంతా మళ్ళీ వెనక్కు పోవాలి కదా! ఇసుకమేటల మధ్య లోతుగా ఉన్న సన్నని దారి గుండా అది వేగంగా పోతుంది. దీనిని రిప్ కరెంటు అంటారు. అక్కడ లోతు ఎక్కువ కనుక అలలు విరగవు. అందువల్లే అమాయకుల కంటికి అదే నెమ్మదైన చోటుగా కనిపిస్తుంది!

అందులో చిక్కుకుంటే దానికి ఎదురీదకూడదు. ఎంతటి ఈతగాడైనా అలసిపోతాడు. నీటిపై తేలుతూ చేయెత్తి సాయం పిలవాలి. ఈత వచ్చినవారు ఒడ్డుకు సమాంతరంగా ప్రక్కకు ఈదితే ఆ సన్నని ప్రవాహం నుంచి బయటపడతారు. ఎర్రజెండా ఉన్నచోట అసలు దిగనేకూడదు.

మరొక విషయం కూడా గుర్తుంచుకోవాలి. 2004 డిసెంబరు 26న సుమత్రా దగ్గర సముద్రగర్భంలో భూకంపం వచ్చింది. అక్కడికి సుమారు 1,600 కిలోమీటర్ల దూరంలోని శ్రీలంక తూర్పుతీరాన్ని సునామీ అలలు సుమారు రెండు గంటల్లో చేరాయి. వేగం ఎంతో మీరే లెక్క వేయండి. రెండు గంటల వ్యవధి ఉన్నా హెచ్చరించే ఏర్పాటు లేక, ఆ దేశంలో 30,000 మందికి పైగా మరణించారు. పెరలియ గ్రామం దగ్గర అలలు రైలును ముంచివేయగా వెయ్యిమందికి పైగా పోయారు.

ఇప్పుడు ఆ ఏర్పాటు ఉన్నది. 2007 నుంచి మన హైదరాబాదులోని ఇన్‌కాయిస్ కేంద్రంలో సునామీ హెచ్చరిక వ్యవస్థ రాత్రింబవళ్ళు పనిచేస్తున్నది. అది హిందూమహాసముద్రపు ఇతర దేశాలకు కూడా సమాచారం అందిస్తుంది. అయినా ఒడ్డున ఉన్నప్పుడు భూమి గట్టిగా కంపించినా, సముద్రం అకస్మాత్తుగా చాలా దూరం వెనక్కు పోయినా, ఎవరి హెచ్చరిక కోసమూ ఆగకుండా ఎత్తయిన చోటికి పరుగెత్తాలి. గవ్వలు ఏరుకోవడానికి ఆగకూడదు.

దోమ, జలగ, నీళ్ళు

శ్రీలంక మలేరియాను నిర్మూలించిందని 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది. ఇది గొప్ప విజయం. కాని డెంగీ పోలేదు. 2017లో 1,80,000కు పైగా డెంగీ కేసులు నమోదయ్యాయి. డెంగీని మోసే ఏడిస్ దోమ పగటిపూట, ముఖ్యంగా ఉదయం, సాయంత్రం కుడుతుంది. కనుక రాత్రి దోమతెర ఒక్కటే చాలదు. పగలు కూడా ఒళ్ళు కప్పే బట్టలు వేసుకోవాలి.

సింహరాజ వంటి వానఅడవుల్లో జలగలుంటాయి. జలగ లాలాజలంలోని హిరుడిన్ అనే పదార్థం రక్తాన్ని గడ్డకట్టనివ్వదు. అందుకే అది ఊడిన తరువాత కూడా కాసేపు రక్తం కారుతుంది. భయపడవద్దు. జలగను గోటితో మెల్లగా తప్పించి, గాయం కడిగి, గుడ్డతో అదిమి పట్టండి.

మరగకాచిన నీరు గాని, మూత సీలు చెడని సీసా నీరు గాని తాగండి. దారిపొడుగునా తంబిలి అనే బంగారురంగు కొబ్బరిబోండాలు దొరుకుతాయి. ఎండలో దాహానికి అవి మేలు. చెంచాలు, గ్లాసులు కడిగిన నీటి బెడద ఉండదు.

పెట్టె సర్దుకునే ముందు

చెన్నై నుంచి కొలంబోకు విమానంలో గంటన్నర లోపు ప్రయాణం. 2023 అక్టోబరులో నాగపట్నం నుంచి జాఫ్నా దగ్గరి కాంకేసన్‌తురైకి ఓడ ప్రయాణం మొదలయింది. ఈశాన్య రుతుపవనాల రోజుల్లో అది ఆగిపోతుంటుంది. కారణం మీకిప్పుడు తెలుసు! పాస్‌పోర్టుకు కనీసం ఆరునెలల గడువు మిగిలి ఉండాలి. ప్రయాణ అనుమతికి శ్రీలంక ప్రభుత్వపు అధికారిక వెబ్‌సైటులోనే దరఖాస్తు చేయాలి. నియమాలు, రుసుములు తరచు మారతాయి కనుక పాత మాట నమ్మవద్దు. అక్కడి డబ్బూ రూపాయే. అయితే ఇటీవలి సంవత్సరాల్లో మన రూపాయికి వాళ్ళ రూపాయలు మూడుకు పైగా వస్తున్నాయి.

అక్కడి విద్యుత్తు మనలాగే 230 వోల్టులు, 50 హెర్ట్‌జ్‌లు. కాని సాకెట్లు రెండు రకాలు: మనవంటి గుండ్రని పిన్నులవి, బ్రిటన్ తరహా బల్లపరుపు పిన్నులవి. కాబట్టి అడాప్టరు ఒకటి ఉంచుకోండి. రెండిటిలోను ఎర్తు పిన్ను పొడుగ్గా ఉండటం గమనించండి. ప్రమాదం రాకుండా అన్నిటికన్న ముందు అది తగలాలని ఆ ఏర్పాటు.

గుడులలో, స్తూపాల దగ్గర భుజాలు, మోకాళ్ళు కప్పుకోవాలి, చెప్పులు విడవాలి. ఎండకు కాగిన రాతి మీద అరికాళ్ళు మండుతాయి కనుక మేజోళ్ళు తొడుక్కోండి. బుద్ధవిగ్రహానికి వీపు పెట్టి ఫోటో దిగడం అక్కడివారికి అపచారం. ప్రతి పౌర్ణమి సెలవుదినం; రైళ్ళు, బస్సులు కిక్కిరిసిపోతాయి. ఆ తేదీలు మన పంచాంగంలోనే చూసుకోవచ్చు. అంబులెన్సు కావలసివస్తే 1990 నంబరుకు ఫోను చేయాలి. ఎవరైనా చేతులు జోడించి "ఆయుబోవన్" అంటే నీకు దీర్ఘాయువు కలగాలని అర్థం. కృతజ్ఞత చెప్పడానికి "స్తుతి" అనాలి. ఆ రెండు మాటల మూలాలు మనకూ చుట్టాలే.

ఆ జాలరికి నేను ఆ మాట చెప్పలేకపోయాను. అప్పటికి నాకు రాదు. ఆయన చదివిన బడి ఏమిటో తెలియదు గాని, గాలి ఎటు వీస్తున్నదో, నీరు ఎటు లాగుతున్నదో ఆయనకు తెలుసు. అవే సంగతులు పుస్తకంలో చదివిన నేను ఒడ్డున వాటిని గుర్తుపట్టలేకపోయాను. పాఠం పరీక్ష కాగితం మీద రాయడానికి మాత్రమే కాదని నాకు నేర్పిన గురువు ఆయన.

ఇంతకీ మా తొమ్మిదో తరగతి కుర్రవాడు ఏం చేశాడంటారా? అట్లాసు తీసుకుని లెక్కవేసి, మే నెల ప్రయాణానికి త్రింకోమలి ఎంచి వాళ్ళ మామయ్యకు చెప్పాడు. తిరిగివచ్చి, "వాన పడలేదు మాస్టారూ!" అన్నాడు.

మీకొక పని. శ్రీలంక పటం గీసి, నడుమ కొండలు గుర్తించండి. నైరుతి, ఈశాన్య రుతుపవనాలకు రెండు రంగుల్లో బాణాలు వేయండి. ఇప్పుడు చెప్పండి: జనవరిలో జాఫ్నా వెళ్ళేవారు గొడుగు తీసుకువెళ్ళాలా? 500 మీటర్ల ఎత్తున ఉన్న కాండీ పట్టణం కొలంబో కంటే సుమారు ఎన్ని డిగ్రీలు చల్లగా ఉంటుంది? జవాబులు రాసి మీ సైన్సు మాస్టారికి చూపించండి.